పరుగూ కేకూ కలిపితే: తిరుపతిలో ఏ వేళ, ఏ దారి, ఏ పీసు

ఆదివారం పొద్దున ఏడుంబావు. అలిపిరి మీదుగా జూపార్క్ దాటి చెర్లోపల్లి వైపు వెళ్లి, వెనక్కి వచ్చి, వాచీలో 14 కిలోమీటర్లు చూసుకుని ఒక పేస్ట్రీ షాపు ముందు ఆగాను. షట్టరు మోకాలి ఎత్తుకే లేచి ఉంది. లోపల నేల తుడుస్తున్న కుర్రాడు వంగి చూసి, "కేకులు తొమ్మిదిన్నరకి వస్తాయి సామీ. ఇప్పుడు బ్రెడ్డే ఉండాది" అన్నాడు. చివరి నాలుగు కిలోమీటర్లూ నన్ను లాక్కొచ్చింది పైనాపిల్ పేస్ట్రీ ఆలోచనే. బ్రెడ్డు పట్టుకుని ఇంటికెళ్లాను.

పరుగు నేర్చుకుంటున్నవాళ్లలో తీపి పిచ్చి ఉన్నవాళ్లు నాలాగే చాలామంది ఉన్నారు. పరిగెత్తాక కేకు తినొచ్చా, తింటే ఏది, ముందు తినాలా తర్వాతా, నాలుగు షాపులూ ఒకే సాయంత్రం చుట్టేయొచ్చా... ఇవే ప్రశ్నలు. రెండేళ్లుగా ఈ ఊళ్లో రెండు పనులూ కలిపి చేస్తూ, కొన్నిసార్లు కడుపు చేత తిట్లు తిని, నేను తేల్చుకున్నది ఒకటే: షాపు తెరిచే వేళను బట్టి పరుగు వేళ, పరుగు పొడవును బట్టి కేకు. దీన్ని తలకిందులు చేసిన ప్రతిసారీ ఇబ్బంది పడ్డాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది వేళ. మన ఊళ్లో కేకులు దొరికే చోట్లు రెండు రకాలు. ఒకటి అయ్యంగార్ బేకరీ తరహా. గాజు బీరువాలో హనీ కేకు, ప్లెయిన్ కేకు, దిల్‌పసంద్ (లోపల కొబ్బరి కూరిన తీపి బన్ను లాంటిది), బన్ను, రస్కు, పక్కన టీ. ఇవి పొద్దున్నే తెరుస్తారు. రెండోది ఏసీ పేస్ట్రీ షాపు. అక్కడ ఉండేవి కూల్ కేకులు. బ్లాక్ ఫారెస్ట్, బటర్‌స్కాచ్, రెడ్ వెల్వెట్, చాక్లెట్ ట్రఫుల్ అన్నీ ఫ్రిజ్‌లో వరుసగా పెట్టి ఉంటాయి. అవి సర్దేసరికి తొమ్మిదో పదో అవుతుంది, సందడి మొదలయ్యేది సాయంత్రమే. మే నెలలో ఈ ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏడింటికల్లా పరుగు ముగించాల్సిందే. కాబట్టి పొద్దున పరిగెత్తేవాడికి మొదటి రకం, సాయంత్రం పరిగెత్తేవాడికి రెండో రకం. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

రెండోది పరుగు పొడవు. చదునైన రోడ్డు మీద కిలోమీటరుకు, ఒంటి బరువులో ప్రతి కిలోకూ దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 65 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెత్తితే 325 కేలరీలు. క్రీము పేస్ట్రీ పీసు ఒకటి సుమారు 300. అంటే అరగంట చెమట ఒక్క పీసుకు చెల్లు. అదే 14 కిలోమీటర్లయితే 900 దాకా ఖర్చు, అప్పుడు కేకుకు చోటుంది. ఇంకో మాట: గంటలోపు పరుగుకు కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర, సరిపోతుంది. "రన్నింగ్ చేశా కదా, షుగర్ పడిపోయింటుంది" అని మూడు కిలోమీటర్లకే పేస్ట్రీ తినడం మనసుకు చెప్పుకునే సాకు. నేనూ చెప్పుకున్నాను లెండి.

మూడోది కడుపు. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. కూల్ కేకులో తెల్లగా కనిపించేది చాలాచోట్ల పాల మీగడ కూడా కాదు, వెజిటబుల్ కొవ్వుతో చేసిన విప్పింగ్ క్రీము. అది తిని వెంటనే పరిగెత్తితే డొక్కలో పోటు వస్తుంది, లేదా తేన్పులు. పరుగుకు ముందైతే క్రీముకు రెండు మూడు గంటల ఎడం ఇవ్వండి.

నాలుగోది శనివారం. బయటి ఊరివాళ్లకి ఇది తట్టదు. మా ఇంట్లోలాగే ఇక్కడ చాలా ఇళ్లలో శనివారం గుడ్డు ముట్టరు, కొందరు ధనుర్మాసం అంతా ముట్టరు. అందుకే బేకరీ బోర్డుల మీద 'ఎగ్‌లెస్' అన్నమాట అంత పెద్దగా కనిపిస్తుంది. ప్యాకెట్ అయితే ఆకుపచ్చ చుక్క చూడొచ్చు, గుడ్డు కలిస్తే మాంసాహారం గుర్తు వేయాలని ఆహార భద్రతా నిబంధన. గాజు బీరువాలో విడిగా పెట్టిన పీసుకు ఏ చుక్కా ఉండదు, అడిగి తీరాలి. ఎగ్‌లెస్‌లో గుడ్డు బదులు పెరుగో కండెన్స్‌డ్ మిల్కో పడుతుంది. కండెన్స్‌డ్ మిల్క్ పడితే తీపి పెరుగుతుంది, ముక్క కాస్త బరువుగా ఉంటుంది. రన్నర్‌కి అది పెద్ద నష్టం కాదు.

నాలుగు పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | వేళ | పరుగు | సరిపడే కేకు | చిక్కు |
|---|---|---|---|---|
| ఆదివారం లాంగ్ రన్, చివర బేకరీ | పొద్దున 5 – 7 | 10 – 16 కి.మీ. | హనీ కేకు, ప్లెయిన్ కేకు, డిసెంబర్‌లో ప్లమ్ | కూల్ కేకు దొరకదు |
| సాయంత్రం షాపుల చుట్టు | 6 తర్వాత | 4 – 6 కి.మీ., నింపాదిగా | పేస్ట్రీలు, పంచుకుని | ట్రాఫిక్, డొక్కలో పోటు |
| గ్రౌండ్‌లో స్పీడు పరుగు, కేకు పార్శిల్ | పొద్దున లేదా సాయంత్రం | వేగంగా, తక్కువ దూరం | ఏదైనా, ఇంటికెళ్లాక | కేకు చితకడం, కరగడం |
| కొండ మెట్లు | అనుమతి ఉన్న వేళల్లో | నడక మాత్రమే | దిగాక, ఊళ్లోకి వచ్చాక | చాలానే |

ఆదివారం లాంగ్ రన్

నా ఓటు దీనికే. కారణాలు రెండు. అలిపిరి నుంచి జూపార్క్ వైపు వెళ్లే రోడ్డు ఈ ఊళ్లో పరుగుకు దొరికిన వరం. కొండ కుడిచేతి పక్కనే నడిచొస్తుంది, పొద్దున్నే బయల్దేరితే సూర్యుడు వీపు మీద ఉంటాడు. తిరుగు ప్రయాణంలో కళ్లలోకి కొడతాడు కాబట్టి టోపీ పెట్టుకోండి. కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా కాస్త ఎక్కుడు ఉంటుంది, మొదటే అక్కడ దమ్ము పోగొట్టుకోవద్దు. చీకటితో వెళ్తే కుక్కల గుంపులు తగులుతాయి, ఒంటరిగా వద్దు.

రెండో కారణం, దారి చివర బేకరీ ఉండటం వల్ల వచ్చే క్రమశిక్షణ. ఇంటి దగ్గర ముగిసే పరుగును పన్నెండో కిలోమీటరు దగ్గర కోసేయడం సులువు. బేకరీ దగ్గర ముగిసే పరుగును కోయలేం. కోస్తే కేకు దాకా నడవాలి.

ఇందులో పొరపాటు జరిగేది ముగింపులోనే. ఆగిన నిమిషానికే తినకండి. పది నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, గుండె కుదుటపడ్డాక తినండి. ఎండాకాలం కేకు కంటే ముందు ఉప్పేసిన మజ్జిగ, ఎందుకంటే చెమటతో పోయిన ఉప్పును కేకు తీర్చలేదు. రోజు విడిచి రోజు పరిగెత్తేవాళ్లకు 'అరగంటలో తినేయాలి' అన్న కంగారు అనవసరం. ఆ తొందర కొద్ది గంటల్లోనే మళ్లీ శిక్షణ ఉన్నవాళ్లది.

సాయంత్రం షాపుల చుట్టు

వినడానికి ఇదే అన్నిటికంటే సరదా. నలుగురు స్నేహితులు, మూడు షాపులు, మధ్యమధ్యలో కిలోమీటరున్నర పరుగు. బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు, భవానీ నగర్ ఇలా ఏ చుట్టు వేసుకున్నా తినేవాటికి లోటు ఉండదు.

మొదటిసారి చేసినప్పుడు రెండో షాపులో బ్లాక్ ఫారెస్ట్ పీసు పూర్తిగా తినేశాను. బయటికొచ్చి మూడు వందల మీటర్లు పరిగెత్తానో లేదో, కుడి డొక్కలో సూది గుచ్చినట్టు పోటు. ఒక కరెంటు స్తంభం పట్టుకుని వంగి నిలబడ్డాను. దారినపోయే పెద్దాయన ఒకాయన స్కూటర్ ఆపి, "ఏమైంది నాయనా, ఆస్పత్రికి పోదామా?" అన్నారు. కేకు తిని పరిగెత్తానని ఆయనకెలా చెప్పను? గ్యాస్ అన్నాను. అబద్ధం కూడా కాదు.

అప్పటి నుంచి ఈ పద్ధతికి నేను పెట్టుకున్న షరతులు ఇవి. ఒక షాపులో ఒకే పీసు, నలుగురికీ నాలుగు స్పూన్లు. క్రీము తక్కువున్నది మొదట, ట్రఫుల్ లాంటి బరువైనది ఆఖరున. చివరి షాపు తర్వాత పరుగు లేదు, నడకో ఆటోనో. లీలామహల్ సర్కిల్ వైపు సాయంత్రం వెళ్లకండి, యాత్రికుల బస్సులూ ఆటోల మధ్య పరిగెత్తడం అంటే అడుగుకొకసారి ఆగడమే. వారాంతంలో ఊరంతా జనమే కాబట్టి మంగళ, బుధవారాలు మేలు.

శిక్షణగా దీనికి విలువ తక్కువ, ఒప్పుకుంటాను. ఆగి ఆగి పరిగెత్తితే దమ్ము పెరగదు. కానీ కేకు రుచులు పోల్చాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. ఒకే సాయంత్రం మూడు చోట్ల బటర్‌స్కాచ్ తింటే, ఎవరు క్రీముతో కప్పిపుచ్చారో, ఎవరి స్పాంజిలో సరుకుందో నాలుకకే తెలిసిపోతుంది.

గ్రౌండ్, పార్శిల్

యూనివర్సిటీ స్టేడియం లాంటి చోట స్పీడు పరుగులు చేసేవాళ్లకు ఇది. ఎవరిని ఎప్పుడు లోపలికి అనుమతిస్తారో ముందే కనుక్కోండి. ప్రామాణిక ట్రాక్ అయితే లోపలి వరుసలో ఒక రౌండు 400 మీటర్లు, ఆరు రౌండ్లు వేగంగా, మధ్యలో రెండేసి నిమిషాల నడక. ఇలాంటి పరుగు తర్వాత కడుపు తిప్పుతుంది, అక్కడికక్కడ కేకు దిగదు. ఇంటికి తీసుకెళ్లి స్నానం చేసి తినడమే సుఖం.

చిక్కల్లా మోసుకెళ్లడంలోనే. ఒకసారి పెళ్లిరోజుకి అరకిలో కూల్ కేకు కొని, బ్యాగులో నిలబెట్టి, ఇంటిదాకా మూడు కిలోమీటర్లే కదా అని పరుగందుకున్నాను. ఏప్రిల్ సాయంత్రం. పెట్టె తెరిస్తే రెండు పేర్లలో ఒకటే మిగిలింది, అది నాది. మా ఆవిడ చూసి, "దీన్ని కోయాలా, తాగాలా?" అంది. పార్శిల్ ఉన్న రోజు బండి మీద వెళ్లండి.

కొండ మెట్లు

వీటిని కూడా లెక్కలో వేయమని అడిగేవాళ్లున్నారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టులో 2,388. కాళ్ల బలానికి ఇంతకంటే ఏం కావాలి అంటారు. నిజమే, కానీ అది మొక్కు దారి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ, చెప్పుల్లేకుండా ఎక్కే పెద్దవాళ్ల పక్కన ఊపిరి బుసలు కొడుతూ పరిగెత్తడం నాకు నచ్చదు. పసుపు తడిసిన రాయి జారుతుంది కూడా. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక వేళల మీద ఆంక్షలు పెట్టారు, వెళ్లేముందు అప్పటి నిబంధన కనుక్కోవాలి. గుడ్డు కేకు పొట్లంతో అలిపిరి తనిఖీ దాటాలనుకోవద్దు. నడిచి ఎక్కండి, దర్శనం చేసుకోండి. పైన లడ్డూ ఉండగా కేకు ఊసెందుకు? మెట్లమీదుగానే దిగితే తొడలు రెండు రోజులు పట్టేస్తాయి, ఆ రెండు రోజులూ పరుగు మానేయండి.

ఇక పీసు సంగతి

| కేకు | పరుగు తర్వాత | జేబులో మోయడానికి | నా మాట |
|---|---|---|---|
| హనీ కేకు | చాలా బాగుంటుంది | కుదరదు, కారుతుంది | పొద్దున పరుగుకు మొదటి ఎంపిక |
| ప్లెయిన్ కేకు | ఫర్వాలేదు, గొంతు ఆరుతుంది | కుదురుతుంది | టీ ఉంటేనే |
| దిల్‌పసంద్ | బరువు | కుదురుతుంది | ఒకరికి ఒక ముక్క చాలు |
| ప్లమ్ కేకు | బాగుంటుంది | చక్కగా కుదురుతుంది | డిసెంబర్ లాంగ్ రన్‌కి |
| కూల్ కేకు | గంట ఆగి | ఆశ వదులుకోండి | సాయంత్రాలకే |

హనీ కేకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పేరులో తేనె ఉన్నా, చాలా బేకరీల్లో అది చక్కెర పాకమే. మెత్తటి స్పాంజి మీద పాకం పోసి, పైన ఎర్రటి జామ్ పూసి, ఎండుకొబ్బరి పొడి చల్లుతారు. ట్రేలో అంచు ముక్కలకు పాకం సరిగా ఇంకదు, పొడిపొడిగా రాలతాయి. నడిమి ముక్క తీసి కాగితం మీద పెడితే కింద తడి మరక నెమ్మదిగా పాకుతుంది. తినాల్సింది అది. రెండు గంటలు పరిగెత్తి నోరెండిపోయినవాడికి నమలకుండానే దిగిపోతుంది. కూల్ కేకుతో పోలిస్తే కొవ్వు తక్కువ, చక్కెర వెంటనే అందుతుంది. చూడ్డానికి మోటు, ఫొటోకి పనికిరాదు. పరుగుకు మాత్రం ఇదే దొర.

దిల్‌పసంద్ లోపల కొబ్బరితో పాటు కనిపించే ఎర్ర, పచ్చ ముక్కలు పచ్చి బొప్పాయివి. టూటీఫ్రూటీ అంటే అదే. అలాగే బ్లాక్ ఫారెస్ట్ మీద మెరిసే 'చెర్రీ' చాలాసార్లు పాకంలో ఊరబెట్టి రంగేసిన వాక్కాయ. పప్పులో వేసుకునే ఆ వాక్కాయే. ఇది తెలిసినప్పటి నుంచి మా అమ్మకి బ్లాక్ ఫారెస్ట్ మీద గౌరవం పెరిగింది.

మోయడానికి ప్లమ్ కేకుకు దీటైనది లేదు. చిన్న ముక్కలుగా కోసి కవర్లో చుట్టి జేబులో పెట్టుకుంటే, గంటన్నర దాటే పరుగులో తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల దగ్గర ఒక్కో ముక్క, వెనకే నాలుగు గుక్కల నీళ్లు. ఎండుద్రాక్ష, ఖర్జూరం ఉంటాయి కాబట్టి రన్నర్లు దారిలో మింగే చక్కెర జెల్ ప్యాకెట్ పని కొంత చేస్తుంది, రుచి మాత్రం ఎంతో మేలు.

కూల్ కేకు కొనేముందు కళ్లతో పరీక్షించండి. క్రీము అంచు పసుపు తిరిగి పగుళ్లిచ్చినా, కింది కాగితం మీద నీరు చేరినా అది నిన్నటిదే. "ఎప్పుడొచ్చింది?" అని అడగడానికి మొహమాటం వద్దు. ఒక షాపులో నేను మొహమాటపడి తిన్నాను. పులుపు తగిలినా, అది పైనాపిల్ పులుపే అనుకున్నాను. మర్నాటి పరుగు బాత్రూమ్‌కే అయింది. వేసవిలో మామిడి పేస్ట్రీ వస్తుంది, అప్పుడు మాత్రం వదలొద్దు. మామిడి గుజ్జుకు పేరున్న జిల్లా పక్కనే ఉండగా మామిడి ఎసెన్సు వేసినది తినడం అన్యాయం. గుజ్జు వేసిందో కాదో వాసనకే తెలుస్తుంది.

ఏ కేకు తిన్నా అందులో ప్రొటీన్ నామమాత్రమే. పక్కన ఒక ఉడికించిన గుడ్డు, శనివారమైతే గ్లాసు పాలో గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయలో చేర్చండి.

ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టి ఇంకా 5 కిలోమీటర్లు ఆగకుండా పూర్తి చేయలేనివాళ్లు, వారానికి ఒక్కసారి కేకు పెట్టుకోండి, అదీ సగం పీసు. ప్రతి పరుగుకూ తీపి ముడిపెడితే, బేకరీ మూసిన రోజు కాళ్లు కదలవు.

బరువు తగ్గడానికి పరిగెత్తేవాళ్లకి నచ్చని మాట చెప్పాలి. పైన చెప్పిన 325, 300 లెక్క మళ్లీ చూడండి. షాపుల చుట్టు మీకు కాదు. నెలకు రెండు ఆదివారాలు లాంగ్ రన్, ఒక హనీ కేకు. అంతకు మించితే తూకం యంత్రం ఊరుకోదు.

హాఫ్ మారథాన్‌కి, అంటే 21.1 కిలోమీటర్లకి తయారవుతున్నవాళ్లు ప్లమ్ కేకునైనా ఏదైనా పోటీ రోజు మొదటిసారి ప్రయత్నించకండి. ముందు మూడు లాంగ్ రన్‌లలో తిని, కడుపు ఒప్పుకుందో లేదో చూసుకోండి.

పిల్లలతో వెళ్లేవాళ్లకు షాపుల చుట్టే మంచిది, పరుగు బదులు నడక. వాళ్లు ఎలాగూ పరిగెడతారు, మీరు పట్టుకోవడానికి పరిగెడతారు.

షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఇందులో దేనికీ దిగొద్దు. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, షుగర్ తగ్గించే కొన్ని మాత్రలు వాడేవాళ్లకు పరుగు తర్వాత గంటల తరబడి షుగర్ పడిపోవచ్చు. పడిపోయినప్పుడు క్రీము కేకు పనికిరాదు, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. జేబులో గ్లూకోజ్ ఉండాలి.

చిత్తూరులో ఉండేవాళ్లకి కథ కొంచెం తేలిక. మెసానికల్ గ్రౌండ్‌లో పరిగెత్తి, ఊళ్లోకి నడిచొచ్చి టీతో పాటు తినే ప్లెయిన్ కేకు చాలు. షాపులు పోల్చే సరదా ఉంటే ఒక సాయంత్రం తిరుపతికి రండి.

నేనైతే ఇప్పుడు ఆదివారాలు పేస్ట్రీ షాపు వైపు చూడను. దానికి కాస్త అవతల పాత బేకరీ ఒకటి ఆరింటికే తెరుస్తారు. నేను రోడ్డు దాటుతుండగానే కౌంటర్‌లో ఉన్న ఆయన కత్తి తుడుచుకుంటాడు. మొన్న ట్రే కొత్తది, ఇంకా ఒక్క ముక్క కూడా కోయలేదు. అంచు నుంచి మొదలుపెట్టాల్సిన మనిషి, నన్ను చూసి, నేరుగా మధ్యలో కత్తి దించి అడిగాడు: "రెండా సామీ, మూడా?"